వార్ధక్యంలో విషాదం: వైద్యశాస్త్రం దిద్దుకొన్న ఒక పొరపాటు

ఇంట్లో పెద్దాయన కొన్ని వారాలుగా ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి చీకట్లో కూర్చొని ఉంటాడు. నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేస్తాడు. రోజూ తప్పకుండా చదివే పత్రిక మడత విప్పకుండానే పడి ఉంటుంది. అప్పుడప్పుడు, “నేను మీకందరికీ బరువైపోయాను” అంటాడు. ఇంటిల్లిపాదీ దీనికి చెప్పుకొనే కారణం ఒక్కటే: “వయసు మీదపడింది. కృష్ణా రామా అనుకోవలసిన రోజులు. ఈ వయసులో దిగులు కాక మరేముంటుంది?”

ఈ మాటలో జాలి ఉన్నది; నిజం మాత్రం లేదు. ముసలితనం వేరు, విషాదరోగం వేరు. జుట్టు నెరవడం, చూపు మందగించడం వయసు లక్షణాలు. బతుకుమీద ఆశ పూర్తిగా చచ్చిపోవడం వయసు లక్షణం కాదు. అది ఒక వ్యాధి. ఈనాడు దానిని డిప్రెషన్ అనీ, కుంగుబాటు అనీ అంటున్నారు. దానికి చికిత్స ఉన్నది. చికిత్స అందకపోతే రోగి తనకు తానే ఘోరమైన హాని చేసుకొనే ప్రమాదమూ ఉన్నది. ఇంత చిన్న సంగతి గ్రహించడానికి వైద్యశాస్త్రానికి రెండువేల సంవత్సరాలకు పైగా పట్టింది. అది ఎలా జరిగిందో తెలుసుకోవడం ప్రతి ఇంటికీ అవసరం.

నల్లని పిత్తం

క్రీస్తుకు పూర్వం అయిదవ శతాబ్దంలో గ్రీసు దేశంలో హిప్పోక్రటీస్ అనే వైద్యుడు ఉండేవాడు. శరీరంలో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు రసాలు ఉన్నవనీ, వాటి సమతూకం చెడినప్పుడు రోగం వస్తుందనీ ఆయన సంప్రదాయానికి చెందిన వైద్యులు చెప్పారు. భయమూ, దుఃఖమూ చాలాకాలం విడవకుండా పట్టుకొంటే అది నల్ల పిత్తం చేసే పని అని వారి అభిప్రాయం. గ్రీకు భాషలో ‘మెలాస్’ అంటే నలుపు, ‘ఖోలే’ అంటే పిత్తం. ‘మెలంకోలియా’ అనే రోగనామం ఈ రెండు మాటలనుండి పుట్టినదే.

మన ప్రాచీన వైద్యులు కూడా మనసులోని దుఃఖాన్ని శరీరంతో ముడిపెట్టి చూశారు. చరక సంహిత వాతంవల్ల కలిగే వికారాలను 80గా లెక్కించింది. ఆ పట్టికలో విషాదమూ ఉన్నది, నిద్ర పట్టకపోవడమూ ఉన్నది.

నల్ల పిత్తమనే రసం శరీరంలో ఎక్కడా లేదని తరువాతి శాస్త్రం తేల్చింది. అయినా ఆ ఊహవల్ల ఒక మేలు జరిగింది. దుఃఖం దేవతల శాపం కాదు, వైద్యుడు చూడదగిన రోగం అనే భావం నాటుకొన్నది. దానితోపాటు ఒక కీడు కూడా జరిగింది. నల్ల పిత్తం చల్లనిదీ, పొడిదీ అని ఆ వైద్యుల సిద్ధాంతం. ముసలితనం కూడా చల్లనిదీ, పొడిదీ అన్నారు. రెంటి గుణమూ ఒక్కటే కాబట్టి ముసలివారికి మెలంకోలియా రాక తప్పదని తర్కించారు. 1621లో ఇంగ్లండులో రాబర్ట్ బర్టన్ మెలంకోలియామీద ప్రసిద్ధమైన గ్రంథం ప్రకటించినప్పుడు, ఆ రోగ కారణాలలో వార్ధక్యాన్ని ఈ తర్కంతోనే చేర్చాడు. ‘ముసలితనమంటే దిగులే’ అన్న పొరపాటుకు ఈ విధంగా శాస్త్రం ముద్ర పడింది. నాలుగు రసాల సిద్ధాంతం పోయిన తరువాత కూడా ఆ ముద్ర చాలాకాలం చెరగలేదు.

ఒక పేరు, ఒక పరీక్ష

పంతొమ్మిదవ శతాబ్దంలో యూరపులో పిచ్చాసుపత్రులు పెరిగినవి. ఒకేచోట వందలకొలది రోగులను సంవత్సరాల తరబడి చూసే అవకాశం వైద్యులకు కలిగింది. 1880లో పారిస్ నగరంలో జూల్స్ కోటార్ అనే వైద్యుడు 43 సంవత్సరాల ఒక స్త్రీని గురించి తోటి వైద్యుల సభలో వివరించాడు. తనకు మెదడు లేదని, నరాలు లేవని, పొట్ట లేదని ఆమె గట్టిగా నమ్మింది. లేని పొట్టకు అన్నమెందుకని భోజనం మానివేసింది. విషాదరోగం ముదిరితే మనిషి ఎంత దూరం పోగలడో ఈ ఉదాహరణ చూపుతుంది. తిండి మానివేయడం కూడా తనకు తాను చేసుకొనే హానియే. ఇటువంటి భ్రమలు మలివయసువారిలో తరచుగా కనిపిస్తాయని తరువాతి వైద్యులు గమనించారు.

ఆ తరువాత రంగంలోకి వచ్చినవాడు జర్మనీ దేశపు ఎమిల్ క్రేపెలిన్. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండగా, మనోవ్యాధులను వాటి ఆరంభం, గమనం, పర్యవసానం ఆధారంగా ఆయన వర్గీకరించాడు. 1896లో వెలువడిన తన పాఠ్యగ్రంథం అయిదవ కూర్పులో, నడివయసు దాటినవారికి వచ్చే మెలంకోలియాను ప్రత్యేక వ్యాధిగా విడదీశాడు. శరీరం క్షీణదశలో పడడమే దీనికి మూలమన్నాడు. అందువల్ల పూర్తిగా నయం కావడం కష్టమనే భావం బలపడింది.

ఇక్కడ శాస్త్రపద్ధతి గొప్పతనం కనిపిస్తుంది. క్రేపెలిన్ హైడెల్‌బర్గ్‌లో చూసిన ఈ రోగులు సుమారు 80 మంది చివరకు ఏమైనారో వెదకి చూడాలని గియోర్గ్ డ్రైఫుస్ అనే యువ వైద్యుడు సంకల్పించాడు. 1907లో తన ఫలితాలు గ్రంథరూపంలో ప్రకటించాడు. వారిలో ఎక్కువమంది కోలుకొన్నారు. కొందరికి అందుకు ఎన్నో సంవత్సరాలు పట్టింది, కాని కోలుకొన్నారు. చాలామందికి యౌవనంలోనే ఇటువంటి దిగులు వచ్చి పోయిన దాఖలాలు కూడా దొరికినవి. అంటే ఇది ముసలితనం తెచ్చిన కొత్త వ్యాధి కాదు. ఏ వయసులోనైనా రాగల విషాదరోగమే మలివయసులోనూ వచ్చింది. క్రేపెలిన్ తన మాటే నెగ్గాలని పట్టుపట్టలేదు. శిష్యస్థానంలో ఉన్నవాని పుస్తకానికి తానే ముందుమాట రాశాడు. తన గ్రంథం ఎనిమిదవ కూర్పులో వర్గీకరణ మార్చుకొన్నాడు. అయినా పాత పేరు ఆసుపత్రులలో నిలిచిపోయింది. అమెరికా మనోవైద్యుల అధికార పట్టికనుండి అది తొలగినది 1980లో మాత్రమే.

అంకెలు, చట్టాలు

వైద్యులు ఆసుపత్రులలో రోగులను చూస్తుండగా, మరికొందరు జనాభా లెక్కలను పరిశీలించారు. ఇటలీలో ఎన్రికో మోర్సెల్లీ 1879లోనూ, ఫ్రాన్సులో ఎమిల్ డర్క్‌హైమ్ 1897లోనూ ఆత్మహత్యలపై గ్రంథాలు ప్రకటించారు. యూరపు దేశాలలో వయసు పెరిగేకొద్దీ ఆత్మహత్యల రేటు కూడా పెరుగుతున్నదని ఆ అంకెలు చూపినవి. కుటుంబంతో, సంఘంతో బంధాలు తెగిపోవడం దీనికి ముఖ్యకారణమని డర్క్‌హైమ్ వాదించాడు.

వృద్ధుల విషయంలో మరొక భయంకరమైన తేడా తరువాత బయటపడింది. పడుచువారిలో తమకు తాము హాని చేసుకొన్నవారు చాలామంది బతికి బయటపడతారు. వృద్ధులలో బతికేవారి పాలు అంతకన్నా తక్కువ. వారి శరీరం గాయానికి తట్టుకోలేదు. ఒంటరిగా ఉండడంవల్ల సమయానికి ఎవరూ చూడరు. వారి నిశ్చయం గట్టిది. ముందుగా హెచ్చరించే మాటలు తక్కువ. కాబట్టి పడుచువారికి రెండవ అవకాశం దొరికినంతగా వృద్ధులకు దొరకదు. జాగ్రత్త ముందే పడాలి.

ముందే జాగ్రత్తపడడానికి చట్టమే అడ్డువచ్చిన కాలమొకటి ఉండేది. ఇంగ్లండులో 1961 వరకు ఆత్మహత్యా ప్రయత్నం నేరం. అదే భావం 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షన్ రూపంలో మన దేశానికి వచ్చింది. శిక్షకూ, అపకీర్తికీ జడిసి కుటుంబాలు సంగతి దాచేవి. దాచిన రోగానికి వైద్యుడు ఏమి చేయగలడు?

గ్రేలింగ్‌వెల్ ఆసుపత్రిలో

చికిత్స విషయంలో మొదటి పెద్ద మార్పు 1938 ఏప్రిల్‌లో రోమ్ నగరంలో జరిగింది. ఉగో సెర్లెట్టి, లూచియో బీనీ అనే వైద్యులు తలకు స్వల్పంగా విద్యుత్తు పంపి మూర్ఛ కలిగించే చికిత్సను మొదటిసారి ప్రయోగించారు. అది వేరొక మనోవ్యాధికోసం తలపెట్టిన చికిత్స. కాని ఎక్కువ గుణం తీవ్రమైన విషాదరోగంలో, అందులోనూ మలివయసువారిలో కనిపించింది. తిండీ నీళ్ళూ మానివేసి మంచం పట్టినవారు కొన్ని వారాలలో లేచి తిరగసాగారు. తొలిరోజులలో ఈ చికిత్స మత్తుమందు లేకుండానే జరిగేది. దానివల్ల బాధ, భయం, ఎముకలు విరగడం వంటి అనర్థాలు కలిగేవి. తరువాత మత్తుమందూ, కండరాలను సడలించే మందూ ఇచ్చి చేసే పద్ధతి వచ్చింది. అవి లేకుండా ఈ చికిత్స చేయడాన్ని మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

అయితే చికిత్స ఉంటే చాలదు. అది ఎవరికి తగినదో గుర్తించాలి. ఆ రోజులలో పిచ్చాసుపత్రికి వచ్చిన ముసలివారికి చాలాచోట్ల ఒకటే ముద్ర: ‘మెదడు చెడింది, ఇక చేయగలిగింది లేదు’. ఈ ముద్రను పరీక్షకు పెట్టినవాడు మార్టిన్ రాత్. ఇంగ్లండులో చిచెస్టర్ పట్టణం దగ్గర గ్రేలింగ్‌వెల్ ఆసుపత్రిలో ఆయన పనిచేశాడు. 60 సంవత్సరాలు దాటి ఆ ఆసుపత్రిలో చేరిన రోగుల పాత కాగితాలు తీయించి, వారిని లక్షణాలనుబట్టి అయిదు గుంపులుగా విడదీశాడు. విషాదం వంటి భావవికారాలు ఒక గుంపు. మతిక్షీణత, అంటే డిమెన్షియా, మరొక గుంపు. తక్కిన మూడూ రక్తనాళాలు గట్టిపడడంవల్ల వచ్చే మతిచలనం, మలివయసులో వచ్చే భ్రమలు, హఠాత్తుగా కలిగే మనోగందరగోళం. ఆసుపత్రిలో చేరిన ఆరునెలలకూ, రెండు సంవత్సరాలకూ ఏ గుంపువారు ఏమైనారో లెక్క చూశాడు.

1955లో ప్రకటించిన ఆ ఫలితం వైద్యలోకాన్ని కదిలించింది. మతిక్షీణత గుంపులో చాలామంది రెండేళ్ళలోపలే మరణించారు. విషాదరోగుల గుంపులో ఎక్కువమంది నయమై ఇళ్ళకు వెళ్ళారు. మెదడు చెడిపోవడమే రెంటికీ మూలమైతే పర్యవసానంలో ఇంత తేడా ఉండడానికి వీలులేదు. వృద్ధుల విషాదం మెదడు క్షయానికి మొదటి మెట్టు కాదని, నయం కాగల వేరే రోగమని అంకెలే చెప్పినవి. బర్టన్ నాటి పొరపాటుకు ఇది గట్టి జవాబు.

విషాదరోగం ఒక్కొక్కప్పుడు మతిక్షీణత వేషం వేస్తుందని కూడా ఆ కాలంలోనే తేలింది. రోగి అడిగినదానికి జవాబు చెప్పడు, పేర్లు మరచిపోతాడు, లోకం పట్టనట్టు ఉంటాడు. విషాదానికి చికిత్స చేయగానే చాలామందిలో మతి కూడా తిరిగి వస్తుంది. 1961లో లెస్లీ కైలో దీనిని ‘దొంగ మతిక్షీణత’ అనే అర్థం వచ్చే పేరుతో వర్ణించాడు.

ఈలోగా మాత్రలు కూడా వచ్చినవి. స్విట్జర్లండులోని మ్యూన్‌స్టర్‌లింగెన్ ఆసుపత్రిలో రోలాండ్ కూన్ ఒక కొత్త మందును మరొక మనోవ్యాధికి వాడి చూశాడు. ఆ వ్యాధికి అది పనిచేయలేదు. విషాదరోగులకు ఇచ్చినప్పుడు మాత్రం చక్కని గుణం కనిపించింది. 1957లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. ఆ మందే ఇమిప్రమిన్. వృద్ధుల గుండెకూ, నడకకూ అది కొంత ప్రమాదకరం కావడంతో మోతాదులో ఎంతో జాగ్రత్త అవసరమైంది. 1980లనుండి వచ్చిన కొత్త మందులు ఈ చిక్కును కొంత తగ్గించినవి.

మరణించినవారి ఇళ్ళలో

ఆసుపత్రికి వచ్చినవారి సంగతి తెలిసింది. రాకుండా ప్రాణం తీసుకొన్నవారి సంగతి ఎలా తెలుస్తుంది? అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో ఎలీ రాబిన్స్, ఆయన సహచరులు 1956–57లో ఒక సంవత్సరకాలంలో ఆత్మహత్య చేసుకొన్న 134 మంది బంధువులను, స్నేహితులను కలుసుకొని ఓపికగా వివరాలు సేకరించారు. మరణించినవారిలో అత్యధికులు మనోవ్యాధితో బాధపడినవారేనని 1959లో తెలిపారు.

ఇంగ్లండులో బ్రయన్ బారక్లఫ్, పీటర్ సైన్స్‌బరీ ప్రభృతులు ఇదే పద్ధతిలో 100 మరణాలను పరిశీలించి 1974లో ఫలితాలు ప్రకటించారు. 93 మందికి మనోవ్యాధి ఉన్నది. 70 మందిది విషాదరోగం. అంతకన్నా కలవరపరచిన సంగతి మరొకటి. వారిలో సుమారు మూడింట రెండువంతులమంది చనిపోయేముందు నెలరోజులలోపలే ఏదో ఒక బాధ చెప్పుకొని వైద్యుని దగ్గరకు వెళ్ళారు. నిద్రకు మందు పుచ్చుకొన్నవారు ఎక్కువ. విషాదానికి తగిన మందు తగిన మోతాదులో అందినవారు తక్కువ.

అంటే వారు సహాయం అడగకపోలేదు. అడిగిన భాష వేరు. ముసలివారు “నాకు దిగులుగా ఉన్నది” అని చెప్పడం అరుదు. నడుము నొప్పి, గుండె దడ, మలబద్ధకం, నీరసం అని చెబుతారు. వినేవారు ఆ మాట వెనుక ఉన్న మాటను పట్టుకోలేకపోతే అవకాశం జారిపోతుంది.

ఒక కొండ ఊరు, ఒక టెలిఫోను

ముందుగా గుర్తించి చికిత్స చేస్తే ప్రాణాలు నిలుస్తాయా? జపానులోని నీగతా రాష్ట్రంలో మత్సునొయామా అనే మంచుకొండల ఊరు దీనికి జవాబు చెప్పింది. ఆ ప్రాంతంలో వృద్ధుల ఆత్మహత్యలు చాలా ఎక్కువ. 1980ల మధ్యకాలంలో నీగతా విశ్వవిద్యాలయ మనోవైద్యులు, స్థానిక వైద్యులు, ఆరోగ్య నర్సులు కలిసి ఒక పని ప్రారంభించారు. 65 సంవత్సరాలు దాటినవారందరికీ ప్రశ్నావళి ఇచ్చారు. విషాదం ఉన్నదని అనుమానం కలిగినవారితో మనోవైద్యుడు స్వయంగా మాట్లాడాడు. అవసరమైనవారికి ఊళ్ళోనే మందులు ఇప్పించారు. నర్సులు ఇళ్ళకు వెళ్ళి చూస్తూ ఉన్నారు. అంతకుముందు లక్షకు సుమారు 435 ఉన్న వృద్ధుల ఆత్మహత్యల రేటు ఆ తరువాతి సంవత్సరాలలో సుమారు 123కు తగ్గింది. అది చిన్న ఊరు. రెండు మూడు మరణాలతోనే రేటు బాగా మారుతుంది. కాని ఈ తగ్గుదల చాలా సంవత్సరాలు నిలిచింది.

ఇటలీలోని వెనెటో ప్రాంతంలో 1988లో మరొక ప్రయత్నం మొదలైంది. ఇంటిపట్టున ఉండే వృద్ధులకు వారానికి రెండుసార్లు టెలిఫోనులో పలకరింపు. అవసరమైతే మీట నొక్కి సహాయం పిలిచే చిన్న పరికరం. పదకొండేళ్ళలో 18 వేలకు పైగా వృద్ధులు ఈ సేవ పొందారు. ఆ ప్రాంతపు లెక్కప్రకారం వారిలో ఇరవైమందికి పైగా ఆత్మహత్య చేసుకొంటారని అంచనా, జరిగినవి ఆరు. మేలు ముఖ్యంగా స్త్రీలలో కనిపించింది. పురుషులు నోరు విప్పడం కష్టమని ఇక్కడ కూడా రుజువైంది.

మన దేశం

మన దేశంలో వృద్ధుల మనోవ్యాధులను శ్రద్ధగా పరిశీలించిన తొలివారిలో మదురై వైద్య కళాశాలకు చెందిన ఎ. వెంకోబారావు ముఖ్యుడు. మదురై సమీపంలో ఇంటింటికీ తిరిగి చేసిన పరిశీలనను ఆయన, ఆయన సహచరుడు 1982లో ప్రకటించారు. ఉమ్మడి కుటుంబాలున్న దేశంలో ముసలివారికి ఈ బాధ ఉండదన్న నమ్మకం దానితో సడలింది.

2017–18లో దేశమంతటా జరిగిన వార్ధక్య పరిశీలనలో తేలిన సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. లక్షణాలనుబట్టి చూస్తే 60 సంవత్సరాలు దాటినవారిలో 8.3 శాతం మందికి విషాదరోగం ఉండే అవకాశం ఉన్నది. తమకు ఆ రోగమున్నదని వైద్యుడు చెప్పాడన్నవారు 0.8 శాతం మాత్రమే. అంటే పదిమందిలో తొమ్మిదిమంది రోగానికి ఇంకా పేరే పెట్టలేదు. వారి ఇళ్ళలో ఈనాటికీ ‘వయసు మీదపడింది’ అన్న మాటే వినిపిస్తున్నదన్నమాట.

చట్టం మాత్రం మారింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మనోవేదనలో ఉన్నాడని భావించి, శిక్షించకుండా సంరక్షణ కల్పించాలని 2017 నాటి చట్టం నిర్దేశించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఎవరైనా, ఏ వేళనైనా, ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

డ్రైఫుస్ పాత రోగులను వెదకి చూశాడు. రాత్ పాత కాగితాలు తిరగవేశాడు. మత్సునొయామా నర్సులు మంచులో ఇంటింటికీ నడిచారు. వీరంతా చేసిన పని ఒక్కటే: ‘ఇది మామూలే’ అన్న మాటను నమ్మకుండా ఒకసారి సరిచూశారు. ఈ పనికి పెద్ద చదువు అక్కరలేదు. తాతగారు రెండు వారాలకు పైగా తిండి, నిద్ర, మాట తగ్గించారని మొదట గమనించగలవాడు ఆ ఇంట్లో చదువుకొంటున్న పిల్లవాడే కావచ్చు. పక్కన కూర్చొని, “తాతా, మనసేమైనా బాగాలేదా? బతకడం విసుగనిపిస్తున్నదా?” అని అడగవచ్చు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. అడిగితే లోపలి బరువు కొంత దిగుతుంది. విన్న మాటను ఇంట్లో పెద్దలకు చెప్పడం, ఆ పెద్దాయనను వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవడం తరువాతి మెట్టు. నయం కాగల రోగాన్ని ముసలితనమని పేరుపెట్టి వదిలివేయకుండా ఉంటే, రెండువేల యేళ్ళ పొరపాటును ఆ ఇంటివరకు దిద్దినట్టే.